పెరటి గ్రిల్ మీద కోడిని ముక్కలు చేయకుండా కాల్చడం ఎలా?

కోడిని ముక్కలు కొట్టించి గ్రిల్ మీద కాల్చడం చాలామందికి అలవాటే. కోడిని కోడిగానే గ్రిల్ ఎక్కించి, తోలు కరకరలాడుతూ, లోపలి మాంసం రసం పోకుండా దించడం దగ్గరికి వచ్చేసరికి వంటలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా తడబడతారు. పైన నల్లగా మాడి ఎముక దగ్గర పచ్చిగా మిగిలిపోతుంది. లేదా తొడ చక్కగా ఉడికి, రొమ్ము నమలలేనంత ఎండిపోతుంది. మసాలా మార్చి చూస్తారు, బొగ్గు మార్చి చూస్తారు. చిక్కు మాత్రం ఆ రెండింటిలోనూ లేదు.

ఒకే కోడిలో రెండు రకాల మాంసం ఉంటుంది. రొమ్ము భాగంలో కొవ్వు తక్కువ, పీచు సన్నం. 74 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇంకా వేడి తగులుతూ ఉంటే అందులోని నీరు బయటికి పోయి గట్టిపడుతుంది. తొడ, కాలు అలా కాదు. కోడి జీవితమంతా నిలబడి నడిచే కండలు కాబట్టి వాటిలో కండను పట్టి ఉంచే గట్టి ప్రొటీన్, కొల్లాజెన్, ఎక్కువ. అది కరిగి మెత్తబడాలంటే 80 నుంచి 85 డిగ్రీల దాకా వెళ్లాలి. 74 దగ్గర తొడ తినడానికి సురక్షితమే, కానీ రబ్బరులా సాగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు భాగాలను ఒకే పొయ్యి మీద, ఒకే సమయానికి, పది డిగ్రీల తేడాతో ఆపాలన్నమాట. కోడిని కోయడం, ఉప్పు పట్టించడం, నిప్పులు సర్దడం, కోడిని తిప్పి పెట్టడం, ఇక్కడ చెప్పే పనుల్లో చాలావరకు ఈ పది డిగ్రీల కోసమే.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

మూత ఉన్న గ్రిల్ ఉండాలి. మూత లేని పొయ్యి మీద ముక్కలు కాల్చుకోవచ్చు గానీ నిండు కోడికి అది పనికిరాదు. మూత వేసినప్పుడే లోపల వేడి గాలి తిరుగుతూ కోడిని అన్ని వైపుల నుంచీ ఉడికిస్తుంది. మూత లేకపోతే కింది నుంచి తగిలే సెగ ఒక్కటే దిక్కు.

రెండోది, మాంసంలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్. ఇది ఉన్నవాళ్ల సోకు అనుకునేవారున్నారు. నా మటుకు నాకు గ్రిల్ పాతదైనా ఫరవాలేదు, థర్మామీటర్ మాత్రం నికరంగా చూపించాలి. కొన్న రోజే పరీక్షించండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేలా చన్నీళ్లు పోసి, మొన గ్లాసు అడుగుకు తగలకుండా ముంచితే సున్నా చూపాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా కనిపిస్తే గుర్తుంచుకుని, ఆ మేరకు లెక్క సరిచేసుకోండి.

పొడవాటి పట్టకారు, గట్టి వంటింటి కత్తెర, కారే కొవ్వును పట్టడానికి పల్చటి అల్యూమినియం ట్రే, బొగ్గు వాడేవారికి చిమ్నీ స్టార్టర్ (బొగ్గు నింపి అంటించే నిలువు లోహపు డబ్బా) కూడా కావాలి. పచ్చి కోడికి ఒక పళ్లెం, కాలిన కోడికి ఇంకో పళ్లెం ముందే తీసి పెట్టుకోండి. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలోకే ఉడికిన మాంసాన్ని దించడం ఆరుబయట వంటలో చాలా తేలికగా జరిగే పొరపాటు.

కోడిని ఎంచుకోవడం

ఒకటిన్నర నుంచి రెండు కిలోల బరువున్న, తోలు తీయని లేత కోడిని తీసుకోండి. తోలు ముఖ్యం. దాని కింది కొవ్వు కరిగి రొమ్మును తడిగా ఉంచుతుంది, పైనుంచి నేరుగా తగిలే వేడికి అడ్డుగా నిలుస్తుంది. రెండు కిలోలు దాటిన కోడిలో లోపలికి వేడి చేరేలోపు పై మాంసం ఎండిపోతుంది. పెద్దది తేవడం కంటే చిన్నవి రెండు తెచ్చి పక్కపక్కన పెట్టుకోవడం మేలు. ముదురు కోడిని గ్రిల్ మీదకు తేకండి, అది పులుసుకే బాగుంటుంది.

ప్యాకెట్‌లో వచ్చే కోడి అయితే చీటీ చదవండి. బరువు కోసం, మెత్తదనం కోసం కొందరు తయారీదారులు మాంసంలోకి ఉప్పు నీరు ఎక్కిస్తారు. ఆ సంగతి చీటీ మీద రాసి ఉంటే, కింద చెప్పిన ఉప్పులో సగం చాలు. కడుపు లోపల చిన్న సంచిలో కార్జం, కందనకాయ, గుండెకాయ పెట్టి ఉంటే తీసేయండి.

గడ్డకట్టిన కోడిని ఫ్రిజ్ కింది అరలోనే కరగనివ్వాలి. రెండు కిలోల కోడికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. తొందరైతే నీరు చొరని సంచిలో కట్టి చన్నీళ్లలో ముంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చండి. వేడినీళ్లు పోయడం, వంటింటి బల్ల మీద వదిలేయడం రెండూ వద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. లోపల ఇంకా మంచు గడ్డ ఉండగానే పై మాంసం ఆ హద్దులోకి వచ్చేస్తుంది.

కోడిని కుళాయి కింద కడగవద్దంటే చాలామందికి మనసొప్పదు. పచ్చి కోడి మీద సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. నీళ్లు వాటిని చంపవు, చుట్టుపక్కల గిన్నెల మీదకూ గట్టు మీదకూ చిమ్ముతాయి, అంతే. చంపేది నిప్పు. పేపర్ టవల్‌తో లోపలా బయటా గట్టిగా తుడిచి, ఆ కాగితాన్ని పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. తోలు ఎంత పొడిగా ఉంటే అంత బాగా కాలుతుంది కాబట్టి ఈ తుడవడం రుచికి కూడా పనికొస్తుంది.

వెన్నెముక తీయాలా, వద్దా?

మొదటిసారి చేస్తుంటే తీయండి. ఇంకో మాట లేదు. నిండు కోడి గుండ్రంగా ఉంటుంది. దాని రొమ్ము ఎత్తుగా లేచి మూత కింద వేడి గాలికి ఎదురుగా నిలబడుతుంది. తొడలేమో కింద, ఒంటికి అంటుకుని దాక్కుంటాయి. ముందు ఉడకకూడనిది ముందు ఉడుకుతుంది. వెన్నెముక తీసి పరిస్తే కోడి మందం అంతటా దాదాపు సమానమవుతుంది, తొడలు పక్కలకు తెరుచుకుని సెగకు చిక్కుతాయి. గంటంబావు పట్టే పని ముప్పావుగంట నుంచి గంటలో అయిపోతుంది.

కోడిని రొమ్ము కిందికి, వీపు పైకి వచ్చేలా పలక మీద పెట్టండి. తోక దగ్గర ఎముకకు ఒక పక్కగా కత్తెర దూర్చి మెడ వరకు కత్తిరించండి. సన్నటి పక్కటెముకలు ఒక్కొక్కటే పటపటమని తెగుతాయి. తొడ కీలు దగ్గర కత్తెర మొరాయిస్తే బలం పెట్టకండి, ఎముకను వదిలి వేలెడు పక్కకు జరిపితే సందు దొరుకుతుంది. రెండో పక్క కూడా అలాగే కత్తిరిస్తే వెన్నెముక ఒక పట్టీలా చేతికి వస్తుంది. దాన్ని పారేయకుండా చారు కోసం ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఇప్పుడు కోడిని వెల్లకిలా తిప్పి, రొమ్ము నడిమి ఎముక మీద రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి ఒంటి బరువుతో నొక్కండి. లోపల టక్కుమని చప్పుడు వినిపించి, కోడి చదునుగా పరుచుకుంటుంది. రెక్కల కొనలను రొమ్ము వెనక్కి మడిచి ఇరికించండి. లేకపోతే ముందుగా మాడేవి అవే.

నిండుగానే కాల్చాలనుకుంటే కాళ్లను దారంతో బిగించి కట్టకండి. కట్టిన కోడి బల్ల మీద అందంగానే ఉంటుంది, కానీ తొడలకు చేరవలసిన వేడిని ఆ కట్టే ఆపేస్తుంది. పానీయం డబ్బా మీద కోడిని కూర్చోబెట్టి కాల్చే పద్ధతి చూడముచ్చటగా ఉంటుందని చాలామంది ప్రయత్నిస్తారు. డబ్బాలోని ద్రవం ఆవిరై మాంసంలోకి చేరుతుందన్నది ఊహే. డబ్బా చుట్టూ చల్లటి కోడి ఉన్నంతసేపు ఆ ద్రవం మరగడం కష్టం. పైగా కడుపులోకి వేడి గాలి వెళ్లే దారికి డబ్బా అడ్డం. దించేటప్పుడు వేడి ద్రవం చేతి మీద ఒలికే ప్రమాదం ఉండనే ఉంది.

ఉప్పు ముందు రోజే

ఈ వంటలో రుచికి చేసే పనులన్నింటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఖర్చు కూడా లేదు. కోడి బరువులో నూటికి ఒక వంతు ఉప్పు తూచండి. 1.6 కిలోల కోడికి 16 గ్రాములు. త్రాసు లేకపోతే సన్నటి ఉప్పు టీస్పూనుకు సుమారు 6 గ్రాములు తూగుతుందని లెక్క వేసుకోండి. కల్లుప్పును చెంచాతో కొలవవద్దు, గింజల మధ్య గాలి వల్ల లెక్క తప్పుతుంది. ఉప్పులో ఎక్కువ భాగం రొమ్ముకూ తొడలకూ పట్టించండి, మిగిలినది కాళ్లకూ లోపలి వైపుకూ చాలు. మెడ వైపు నుంచి వేళ్లు పోనిచ్చి రొమ్ము మీది తోలును మెల్లగా వదులు చేస్తే, ఆ సందులో మాంసానికే నేరుగా ఉప్పు రాయవచ్చు. గోళ్లతో తోలు చిరగకుండా చూసుకోండి.

తర్వాత ట్రేలో జాలీ పెట్టి, దాని మీద కోడిని తోలు పైకి ఉండేలా పరిచి, ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో 12 నుంచి 24 గంటలు ఉంచండి. ఫ్రిజ్‌లో మిగతా పదార్థాల మీద చుక్క పడకుండా కింది అరలో పెట్టాలి. మొదట ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిలో కరిగిన ఉప్పు తిరిగి నెమ్మదిగా లోపలికి ఇంకి, కండలోని ప్రొటీన్ల అమరికను మారుస్తుంది. అలా మారిన కండ కాలేటప్పుడు నీటిని తేలిగ్గా వదలదు. రొమ్ము రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉడికినా ఎండిపోకుండా ఉండేది ఈ ఉప్పు వల్లే. ఫ్రిజ్‌లోని పొడి గాలికి తోలు కూడా ఆరి, మర్నాటికి కొద్దిగా పారదర్శకంగా, కాగితంలా బిగుసుకుని కనిపిస్తుంది. అలా కనిపిస్తే పని సరిగ్గా జరిగినట్టే.

ఉప్పు నీళ్లలో నానబెట్టే పద్ధతి కూడా మాంసాన్ని తడిగా ఉంచుతుంది, కానీ తోలు నీరు తాగి మెత్తబడుతుంది. అందుకే గ్రిల్‌కు నేను పొడి ఉప్పునే ఎంచుకుంటాను. ముందు రోజు కుదరకపోతే గ్రిల్ ఎక్కించే ముందే ఉప్పు రాయండి. అరగంట ముందు రాసి వదిలేస్తే నీరు పైకి ఊరి, లోపలికి ఇంకే సమయం చాలక, తోలు తడితడిగా మిగులుతుంది.

మసాలా మీ ఇష్టం. మిరియాల పొడి, వెల్లుల్లి, కారం, ఆకులు ఏవి వేసినా అవి పైన రెండు మూడు మిల్లీమీటర్లు దాటి లోపలికి పోవు. రాత్రంతా మసాలా నానబెడితే ఎముక దాకా దిగుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. అంత లోతుకు పోయేది ఉప్పే. చక్కెర, తేనె ఉన్న మిశ్రమాలను మొదట్లో రాయవద్దు, మాడిపోతాయి. నిమ్మరసం లాంటి పులుపులో గంటల తరబడి ఉంచితే పై మాంసం పిండిపిండిగా మారుతుంది. కాల్చే ముందు పల్చగా నూనె రాసి, మసాలా చల్లితే సరిపోతుంది.

నిప్పు

గ్రిల్‌ను ఇంటి గోడకు, ఎండు కొమ్మలకు కనీసం మూడు మీటర్ల దూరంలో, చదునైన నేల మీద పెట్టండి. వాన పడుతోందని గ్యారేజీలోకో వరండాలోకో తీసుకెళ్లకండి. కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతుంది. దానికి వాసన ఉండదు, తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన ప్రమాదం తప్పదు.

చిమ్నీ స్టార్టర్ అడుగున నలిపిన కాగితం పెట్టి, పైన బొగ్గు నింపి వెలిగించండి. 57 సెంటీమీటర్ల గుండ్రటి గ్రిల్‌కు 50, 60 బొగ్గు ఇటుకలు సరిపోతాయి. కర్ర బొగ్గు త్వరగా రాజుకుని ఎక్కువ వేడినిచ్చి త్వరగా అయిపోతుంది. అచ్చు వేసిన బొగ్గు ఇటుకలు గంటకు పైగా ఒకే తీరుగా మండుతాయి, నిండు కోడికి అవే నయం. 15, 20 నిమిషాల్లో పై బొగ్గుల అంచులకు బూడిద పడుతుంది. అప్పుడు గుమ్మరించండి. మండుతున్న బొగ్గుల మీద కిరోసిన్, పెట్రోలు, మరే ద్రవమూ పోయకూడదు. మంట ధార వెంట చేతిలోని సీసా దాకా ఎగబాకుతుంది.

గుమ్మరించిన నిప్పులన్నీ గ్రిల్‌లో ఒక సగానికే నెట్టండి. రెండో సగం ఖాళీగా ఉండాలి. అక్కడ అడుగున అల్యూమినియం ట్రే పెట్టి వేలెడు లోతు నీళ్లు పోయండి. కోడి కాలేది ఈ ఖాళీ సగం మీద. నిప్పుల పైన కోడిని పెడితే కొవ్వు కారి మంట లేస్తుంది, తోలు పది నిమిషాల్లో నల్లబడుతుంది, లోపల మాంసం ఇంకా చల్లగానే ఉంటుంది. పక్క నుంచి వచ్చే సెగ, మూత కింద తిరిగే వేడి గాలి, ఈ రెండే నిండు కోడిని ఉడికించాలి.

పొగ రుచి కావాలంటే ఆపిల్, చెర్రీ లాంటి పండ్ల చెట్ల ఎండు కట్టె ముక్క ఒకటి, మహా అయితే రెండు, నిప్పుల మీద వేయండి. కట్టెను నీళ్లలో నానబెట్టడం వల్ల లాభం లేదు, ఆ నీరు ఆరేదాకా పొగ ఆలస్యమవుతుంది. మొదట దట్టమైన తెల్లటి పొగ వస్తుంది. అది చేదు. పొగ పల్చబడి నీలంగా మారాక కోడిని పెట్టండి. దేవదారు జాతి కట్టెలు, రంగు వేసిన చెక్క, రసాయనం పట్టించిన చెక్క ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

జాలీ పెట్టి, మూత వేసి పది నిమిషాలు కాగనివ్వండి. వేడెక్కిన ఊచలను తుడిచి, నూనెలో తడిపిన కాగితం మడతను పట్టకారుతో పట్టుకుని ఒకసారి రుద్దండి. తీగ బ్రష్షు వాడేవారు తర్వాత తడిగుడ్డతో కూడా తుడవాలి. ఊడిన తీగ ముక్క మాంసానికి అంటుకుని గొంతులోకి పోయిన సందర్భాలున్నాయి.

జాలీ ఎత్తులో 180 నుంచి 200 డిగ్రీలు ఉండాలి. మూతకు బిగించిన థర్మామీటర్‌ను పూర్తిగా నమ్మకండి, అది కోడి ఉన్న చోటి వేడిని కాక మూత పైభాగపు వేడిని చూపిస్తుంది. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్‌ను జాలీ మీద ఖాళీ వైపు ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. వేడిని కింది గాలి తూముతో అదుపు చేయాలి. మూత మీది తూమును పూర్తిగా తెరిచి, అది కోడి ఉన్న వైపుకు వచ్చేలా మూత తిప్పి పెట్టండి. పొగా వేడీ కోడి మీదుగా సాగి బయటికి పోతాయి. కింది తూమును సగం తెరిచి మొదలుపెట్టండి. వేడి ఎక్కువైతే మూయండి, తక్కువైతే తెరవండి. మార్పు తెలియడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఆగకుండా మాటిమాటికీ తిప్పితే వేడి మీ చేతిలో ఉండదు.

గ్యాస్ గ్రిల్ అయితే పని సులువు. మూత తెరిచి ఉంచే వెలిగించండి, మూసిన మూత కింద పేరుకున్న గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంటుంది. అన్ని బర్నర్లూ వెలిగించి పది నిమిషాలు కాగాక, కోడి పెట్టే వైపు బర్నర్ ఆపేసి, రెండో వైపుది మధ్యస్థంగా ఉంచండి. గొట్టానికి అప్పుడప్పుడూ సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగలు వస్తే లీకు ఉన్నట్టు.

కోడి గ్రిల్ మీద

పరిచిన కోడిని ఎముకలు కిందికి, తోలు పైకి ఉండేలా, ఖాళీ సగం మీద పెట్టండి. కాళ్లు నిప్పుల వైపు, రొమ్ము దూరంగా. ఇంతకు ముందు చెప్పిన పది డిగ్రీల తేడాను తెచ్చేది ఈ చిన్న అమరికే. నిండు కోడి అయితే రొమ్ము పైకి పెట్టి, తోక వైపు నిప్పులకేసి తిప్పండి, తొడలు సెగకు దగ్గరవుతాయి. మూత వేసి, అరగంట దాకా తెరవకండి. తెరిచిన ప్రతిసారీ లోపల కూడిన వేడి గాలి పోతుంది, నిప్పులకు గాలి తగిలి అవి ఇంకా త్వరగా అయిపోతాయి. అతిథులు వచ్చి చూపించమన్నా సరే, మూత మీద చెయ్యి పడనివ్వకండి.

అరగంటకు మూత తీసి చూడండి. ఒక వైపు రంగు ఎక్కువగా తిరిగితే, కాళ్లు నిప్పుల వైపే ఉంచి కోడిని కొద్దిగా జరపండి. రెక్కలు నల్లబడుతుంటే రేకు కాగితం చుట్టండి. కాళ్ల కొనలు కమిలినా అంతే. కొవ్వు చినుకులు నిప్పుల అంచున పడి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద ఎగిరి కోడికి పట్టుకుంటుంది. కోడిని ఇంకాస్త దూరం లాగి మూత వేయండి, గాలి అందక మంట చస్తుంది. నిండు కోడికి గంటంబావు నుంచి గంటన్నర పడుతుంది, కాబట్టి ముప్పావుగంటకు నిప్పుల మీద పది బొగ్గులు చేర్చండి. గాలి వీచే రోజైతే ఇంకొన్ని పడతాయి.

సాసు పూయాలనుకుంటే చివరి పది నిమిషాల్లోనే. అందులోని చక్కెర అంతకు మించి నిలవదు. పచ్చి కోడిని ముంచిన మసాలా నీటిని సాసుగా వాడాలనుకుంటే ముందు బాగా మరిగించాలి.

ఎప్పుడు ఉడికినట్టు?

గడియారం చెప్పే సమయం అంచనా మాత్రమే. తొడను గుచ్చితే కారే రసం తెల్లగా ఉంటే ఉడికినట్టేనని పాత సూత్రం ఒకటుంది. దాన్ని నమ్ముకోకండి. లేత కోడిలో ఎముక మజ్జలోని రంగు బయటికి ఊరి, 80 డిగ్రీలు దాటినా ఎముక చుట్టూ ఎర్రగా కనిపించవచ్చు. పొగ తగిలిన మాంసం అంచు గులాబి రంగుకు తిరుగుతుంది. అలాగే రసం తెల్లగా ఉన్న కోడి లోపల పచ్చిగా ఉండే వీలూ ఉంది.

పరిచిన కోడి ఎక్కించిన 35, 40 నిమిషాలకు మొదటిసారి కొలవండి. రొమ్ములో అయితే పక్క నుంచి, బాగా మందంగా ఉన్న చోట మధ్య దాకా గుచ్చాలి. తొడలో అయితే తొడ ఒంటిని కలిసే చోట, ఎముకకు తగలకుండా. ఎముకకు తగిలితే వచ్చే అంకె మాంసానిది కాదు. రెండు తొడలూ, రొమ్ము రెండు పక్కలూ చూడండి. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా తక్కువదే లెక్క. అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసానికి చెప్పే కనీస హద్దు 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్. రొమ్ము 72 చేరి, తొడ 80 దాటితే దించవచ్చు. దించాక కూడా లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. అయితే ఐదు నిమిషాల తర్వాత మళ్లీ కొలిచి, 74 చేరిందని చూసుకున్నాకే కత్తి పెట్టండి. చేరకపోతే మళ్లీ గ్రిల్ మీదకు. ఈ లెక్కలు వద్దనుకునేవారు రొమ్ము 74 చూపేదాకా ఉంచి దించండి. ముందు రోజు ఉప్పు పట్టించారు కాబట్టి పెద్దగా నష్టం ఉండదు.

రొమ్ము 65 దాటి, తొడ కూడా దారిలోనే ఉండి, తోలు మాత్రం ఇంకా మెత్తగా, పాలిపోయి ఉందనుకోండి. పరిచిన కోడి అయితే తోలు కిందికి తిప్పి నేరుగా నిప్పుల మీద రెండు మూడు నిమిషాలు పెట్టవచ్చు. ఆ సమయంలో అక్కడి నుంచి కదలకూడదు. మూత తెరిచే ఉంచి, పట్టకారు చేతిలోనే పట్టుకుని, ప్రతి అర నిమిషానికీ అంచు ఎత్తి చూస్తూ ఉండండి. సన్నగా చిటపటలు వినిపిస్తుంటే సరే. చప్పుడు పెరిగి మంట నాలుక చాస్తే వెంటనే ఖాళీ వైపుకు లాగేయండి.

దించాక

కోడిని శుభ్రమైన పళ్లెంలోకి తీసి 10, 15 నిమిషాలు వదిలేయండి. రేకు కాగితంతో బిగించి మూయకండి, ఇంతసేపు కష్టపడి కరకరలాడించిన తోలు ఆవిరికి మెత్తబడిపోతుంది. వేడి తగ్గేకొద్దీ మాంసంలోని రసం చిక్కబడుతుంది, కోసినప్పుడు పలక మీదకు కారిపోవడం తగ్గుతుంది.

కోసేటప్పుడు ఎక్కడా ఎముకను నరకవలసిన అవసరం లేదు. కాలు, తొడ కలిసి ఉన్న భాగాన్ని పట్టుకుని బయటికి వంచితే కీలు తనంతట తానే బయటపడుతుంది. ఆ సందులో కత్తి పోనిస్తే విడిపోతుంది. కాలుకూ తొడకూ మధ్య కొవ్వు గీత ఒకటి సన్నగా కనిపిస్తుంది, అదే కీలు ఉన్న చోటు. రొమ్మును నడిమి ఎముక వెంబడి కోసుకుంటూ ఒక్క ముక్కగా విడదీసి, తర్వాత పీచుకు అడ్డంగా వేలెడు మందాన ముక్కలు కోయండి. పీచు వెంబడి కోస్తే ఎంత బాగా ఉడికినా నారగా అనిపిస్తుంది. పలక మీద చేరిన రసంలో కాస్త నిమ్మరసం పిండి ముక్కల మీద పోయండి.

మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట 32 డిగ్రీలకు మించి ఎండ ఉంటే ఒక గంటే గడువు. మూడు నాలుగు రోజుల్లో తినేయండి. ఎముకలను ముందు దాచిన వెన్నెముకతో కలిపి మరిగిస్తే పొగ వాసనతో మంచి చారు అవుతుంది.

గ్రిల్‌కు ఉన్న తూములన్నీ మూసేస్తే నిప్పులు గాలి అందక ఆరిపోతాయి. మిగిలిన బొగ్గు ఇంకోసారికి పనికొస్తుంది. బూడిదను అదే రోజు ప్లాస్టిక్ తొట్టిలోనో కాగితం సంచిలోనో వేయకండి. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు రెండు రోజుల దాకా బతికి ఉండగలదు. మూత ఉన్న లోహపు డబ్బాలోకి ఎత్తి, ఇంటికి దూరంగా పెట్టి, మూడో రోజున పారేయండి.